మన రోడ్డు మీద తిరిగిన బండి

నలభై దాటిన మనిషి చేతిలో బొమ్మ కారు కనబడితే మా అనంతపురంలో ఎదురయ్యే ప్రశ్నలు రెండే. ఎవరి పిల్లలకని మొదట అడుగుతారు. పిల్లలకు కాదు, నాకే అని చెప్పగానే, ఇది మున్ముందు ఎంత పలుకుతుందని అడుగుతారు. అడిగేవాళ్ళలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. కానీ మొదటి ప్రశ్న బొమ్మను వయసుతో ముడిపెడుతుంది, రెండోది ధరతో ముడిపెడుతుంది, ఈ రెండు ముడుల మధ్య బొమ్మను తేరిపార చూసే పని మాత్రం ఎవరూ చేయకుండానే మిగిలిపోతుంది. కొన్నేళ్ళుగా బొమ్మ కార్లు సేకరిస్తున్నవాడిగా నాకు ఒక అభిప్రాయం బలపడింది. బొమ్మ కారు విలువను అరుదుతనంతో కొలవలేము, అది లోహంతో చేసినదా ప్లాస్టిక్‌తో చేసినదా అన్నదానితోనూ కొలవలేము. తయారుచేసినవాడు తన రోడ్డు మీద తిరిగిన బండిని ఎంత శ్రద్ధగా చూశాడు, కొన్నవాడు ఆ బొమ్మలో తాను ఎరిగిన బండిని ఎంతగా గుర్తుపట్టగలిగాడు అన్నవే అసలైన కొలతలు. ఈ కొలత పెట్టి చూస్తే మన దేశపు సేకరణకర్తల అలమరాలు ఎంత నిండుగా ఉన్నా వాటిలో పెద్ద వెలితి ఉంది.

మా నాయన ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో అన్నాల దగ్గర కూడా క్లచ్ ప్లేట్ల గురించి, కమాన్ కట్టల గురించి, బ్రేకు డ్రమ్ముల గురించి మాటలు నడిచేవి. బండి మలుపు తిరిగి కంటికి కనబడక ముందే అది లేలాండో, టాటానో ఇంజను శబ్దాన్ని బట్టి ఆయన చెప్పేవాడు. అప్పట్లో ఏడో నంబరు జాతీయ రహదారి అని పిలిచిన, ఇప్పుడు 44వ నంబరైన హైదరాబాదు-బెంగళూరు రోడ్డు పక్కన నిలబడి, వచ్చే పోయే బండ్ల పేర్లు చెప్పడం నాకు బడి చదువుతో పాటు సాగిన మరో చదువు. ఎర్ర బస్సులు, శనక్కాయ మూటలతో క్యాబిను కంటే ఎంతో ఎత్తుకు పెరిగిన లారీలు, తాడిపత్రి బండలను నిలువుగా పేర్చుకుని నెమ్మదిగా కదిలే లారీలు, టాపు మీద కూడా మనుషులను కూర్చోబెట్టుకుని పోయే ట్రాక్సులు, ఆఫీసర్ల తెల్ల అంబాసిడర్లు, మధ్యలో ఎప్పుడో ఒక మారుతి 800. బొమ్మ కారు మీద నా ప్రేమ ఆ రోడ్డు పక్కనే పుట్టింది. అసలు బండి ముందు వచ్చింది, బొమ్మ తర్వాత వచ్చింది. ఈ వరుసే నా వాదనకు ఆధారం.

ఆ రోజుల్లో బండ్లను కొనుక్కోవడం కంటే చేసుకోవడమే ఎక్కువ. సెలవులకు అవ్వ వాళ్ళ ఊరికి పోతే జొన్న దంట్ల బెండును ముక్కలుగా కోసి, పై బెరడును సన్నగా చీల్చి గుచ్చి, ఎద్దుల బండి చేసేవాళ్ళం. అరిగిపోయిన హవాయి చెప్పులను గుండ్రంగా కోస్తే చక్రాలు వచ్చేవి. వాటికి ఇరుసు గుచ్చి, పొడవాటి కట్టె బిగించి, దాని చివర తీగను గుండ్రంగా వంచి స్టీరింగుగా కడితే లారీ తయారు. ఆ లారీకి అట్టముక్క మీద నంబరు ప్లేటు రాసి అతికించకపోతే మాకు తృప్తి ఉండేది కాదు. మాలో ఏ పిల్లవాడూ తాను చూడని బండిని చేయలేదన్న సంగతి ఇప్పుడు ఆలోచిస్తే నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కే పనివాళ్ళు కూడా ఎద్దుల బండిని, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడిని చెక్కారంటే, వాళ్ళు తమ చుట్టూ ఉన్న లోకాన్నే చేతిలోకి తీసుకున్నారు.

లోహంతో చేసిన చిన్న కార్లు ఊళ్ళో కొన్ని ఫ్యాన్సీ అంగళ్ళలోనే ఉండేవి. మాటెల్ కంపెనీ హాట్ వీల్స్ కార్లు అప్పట్లో లియో మాటెల్ పేరుతో మన దేశంలోనే తయారయ్యేవి. అవి అమెరికా కార్ల ఆకారాలే గనుక వాటి పేర్లు మాకు నోరు తిరిగేవి కావు, అయినా అరచేతిలో పెట్టుకుంటే తెలిసే ఆ బరువు, గచ్చు మీద వదిలితే గది చివరిదాకా పోయే ఆ పరుగు ప్లాస్టిక్ బొమ్మల్లో లేవు. హైస్కూలు దాటాక ఆ కార్లన్నీ చిన్నాన్న పిల్లల చేతికి పోయాయి. ఆ తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్ళి. ఆ ఏళ్ళలో బొమ్మ కార్లకు సంబంధించి చెప్పుకోదగినది ఏమీ లేదు.

మళ్ళీ మొదలైనది మేనల్లుడి పుట్టినరోజుకు సూపర్ మార్కెట్లో ఒక కారు కొన్నప్పుడు. పిల్లవాడు కారును బిగించిన అట్ట కార్డును చించి, కారును నేల మీద వదిలి, కాసేపటికి వేరే ఆటలో పడిపోయాడు. నేను ఆ కారును తీసి వెల్లకిలా తిప్పి చూశాను. చిన్నప్పుడు నేను ఎన్నడూ చదవని అక్షరాలు దాని అడుగున ఉన్నాయి. కారు పేరు, తయారైన దేశం, ఒక సంవత్సరం, ఒక చిన్న సంకేతం. ఆ సంవత్సరం బొమ్మ తయారైన ఏడు కాదని, ఆ నమూనా హక్కులు నమోదైన ఏడని తర్వాత తెలుసుకున్నాను. ఇటీవలి హాట్ వీల్స్ కార్ల అడుగున ఒక అక్షరం, రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. ఆ అక్షరం తయారైన సంవత్సరాన్ని, అంకెలు ఆ ఏడాదిలో ఎన్నో వారమన్నదాన్ని చెబుతాయి. కాబట్టి ఇరవై ఏళ్ళ కిందటి నమూనా నుంచి నిరుడు పోసిన కారు కూడా అంగట్లో దొరుకుతుంది, దాని పుట్టుక వివరం దాని కడుపు కిందే రాసి ఉంటుంది. చిన్నప్పుడు కారు పై భాగాన్ని ప్రేమించిన నేను పెద్దయ్యాక దాని అడుగు భాగం నుంచి మళ్ళీ ప్రేమలో పడ్డాను. దీన్ని బాల్యానికి తిరిగిపోవడం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాలోని అప్పటి పిల్లవాడికి వేగం కావలసి వచ్చింది, ఇప్పటి పెద్దవాడికి ఆ బండి ఎలా తయారైందో తెలియాలి.

తయారీ గురించి తెలుసుకున్న కొద్దీ ఈ చిన్న వస్తువు మీద గౌరవం పెరిగింది. ఈ కార్లలో వాడే లోహం జమాక్ అనే జింకు మిశ్రమం. దానిలో సుమారు 4 శాతం అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం ఉంటాయి. అది 390 డిగ్రీల సెల్సియస్ లోపలే కరిగిపోతుంది గనుక ఉక్కు అచ్చును త్వరగా దెబ్బతీయదు, ఒకే అచ్చులో లక్షల కార్లు పోయవచ్చు. కరిగిన లోహాన్ని గట్టి ఒత్తిడితో అచ్చులోకి నెడితే తలుపు గీతలు, అద్దం చట్రం, రేడియేటరు జాలీ వంటి సన్నని వివరాలన్నిటిలోకీ అది చేరి, క్షణాల్లో గడ్డకడుతుంది. ఆ తర్వాత అంచులను నునుపు చేసి, రంగు వేసి, లోపల సీట్ల ముక్కను, అద్దాల ముక్కను అమర్చి, అడుగు పళ్ళేన్ని కింద నుంచి రివెట్టు కొట్టి బిగిస్తారు.

ఇదే లోహానికి ఒక జబ్బు కూడా ఉంది. జింకులో సీసం వంటి మలినాలు కొద్దిపాటిగా కలిసినా ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి నుంచి పగుళ్ళు మొదలై, వస్తువు ఉబ్బి, చివరికి పొడిపొడిగా రాలిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండులో తయారైన డింకీ అనే చిన్న లోహపు బొమ్మ బండ్లు చాలావరకు ఇలాగే నశించాయి. దీనికి మందు లేదు, గాలిలో తేమ, వేడి కలిస్తే మరింత త్వరగా ముదురుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మా జిల్లాలో రైతుకు దక్కని మేలు ఈ లోహానికి దక్కుతున్నదని తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. ఇక్కడి పొడి గాలిలో లోహం బాగానే నిలుస్తుంది గాని ఎర్రమట్టి దుమ్ము, నలభై డిగ్రీలు దాటే వేసవి మిగతా భాగాలను వదిలిపెట్టవు. రబ్బరు టైర్లు గట్టిపడతాయి, కార్డు వంకర తిరుగుతుంది, పారదర్శకమైన ప్లాస్టిక్ మూత పసుపు పడుతుంది. అందుకే నా బండ్లు పడమటి గోడకు దూరంగా, తలుపులున్న చెక్క అలమరాలో ఉంటాయి.

ఇక చరిత్రకు వస్తే, నా వాదనకు గట్టి సాక్ష్యం అక్కడే ఉంది. డింకీ బొమ్మలు లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీలో పుట్టాయి. ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన ఆ కంపెనీ 1933 చివర్లో తన బొమ్మ రైళ్ళ పక్కన పెట్టుకోవడానికి కొన్ని చిన్న వాహనాలను తెచ్చింది, 1934లో వాటికి డింకీ అనే పేరు వచ్చింది. రైలు స్టేషను ముందు నిలబడే వ్యాను, లారీ ఎలా ఉంటాయో అలాగే అవి ఉండాలన్నది మొదటి ఉద్దేశం. 1947లో లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ అనే ఇద్దరు స్నేహితులు తమ పేర్లను కలిపి లండన్‌లో లెస్నీ అనే పోత కంపెనీ పెట్టారు, తర్వాత జాక్ ఓడెల్ వాళ్ళతో చేరాడు. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే బడికి తేనిచ్చే నియమం తన కూతురి బడిలో ఉంటే, ఓడెల్ ఆ అగ్గిపెట్టెలో పట్టేంత చిన్న రోడ్డు రోలరు చేసిచ్చాడు. 1953లో మ్యాచ్‌బాక్స్ వరుస దాని నుంచే పుట్టింది.

ఆ వరుసలో మొదటి నంబర్లు ఏ బండ్లకు దక్కాయో చూడండి. ఒకటో నంబరు రోడ్డు రోలరు, రెండో నంబరు మట్టి ఎత్తిపోసే డంపరు, మూడోది కాంక్రీటు కలిపే మిక్సరు, నాలుగోది మాసీ హారిస్ ట్రాక్టరు, అయిదోది లండన్ ఎర్ర బస్సు, ఏడోది గుర్రం లాగే పాల బండి. యుద్ధంలో కూలిన ఊరిని మళ్ళీ కట్టుకుంటున్న రోజుల్లో ఒక లండన్ పిల్లవాడు కిటికీలోంచి చూసే బండ్లన్నీ అవే. విలాసపు కారు ఒక్కటీ వాటిలో లేదు. ప్రపంచమంతా కొనుక్కున్న ఒక బొమ్మల కంపెనీ తన వీధిలో పనిచేసే బండ్లతోనే మొదలైందన్నమాట.

1968లో అమెరికాలో మాటెల్ కంపెనీ హాట్ వీల్స్‌ను తెచ్చింది. కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఇలియట్ హాండ్లర్ ఆలోచనకు, జనరల్ మోటార్స్ నుంచి వచ్చిన హ్యారీ బెంట్లీ బ్రాడ్లీ గీతలు తోడై, 16 కార్లతో ఆ వరుస మొదలైంది. సన్నని తీగ ఇరుసులు, రాపిడి తక్కువగా ఉండే చక్రాల వల్ల అవి పరిగెత్తిన వేగానికి పాత బొమ్మలు నిలవలేకపోయాయి. లెస్నీ 1969లోనే సూపర్‌ఫాస్ట్ పేరుతో తన చక్రాలను మార్చుకోవలసి వచ్చింది. హాట్ వీల్స్ అంటే ఊహాలోకపు కార్లని చాలామంది అనుకుంటారు గాని, మొదటి కార్లలో ఎక్కువ భాగం ఆనాటి కాలిఫోర్నియా యువకులు రంగులు మార్చి, వెనుక భాగాన్ని ఎత్తి, ఇంజన్లు పెంచి నడిపిన కార్లే. అదీ ఒక ఊరి రోడ్డే.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ నచ్చే ఉదాహరణ జపాన్‌ది. అక్కడి పిల్లల చేతుల్లో ఎక్కువగా విదేశీ చిన్న కార్లే ఉన్న రోజుల్లో, 1970లో, టోమీ కంపెనీ టోమికా పేరుతో ఆరు కార్లు విడుదల చేసింది. ఆరూ జపాన్ కార్లే: నిస్సాన్, టొయోటా కంపెనీలవి. వాటిలో ఒకటి పోలీసుల గస్తీ కారు. ఈ రోజుకూ జపాన్ పిల్లలకు చిన్న కారు అంటే మొదట గుర్తుకు వచ్చే పేర్లలో టోమికా ఉంది. తన దేశపు పిల్లవాడు రోజూ చూసే కారును అతని చేతిలో పెట్టడం వ్యాపారంగా కూడా గెలిచే పని అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన దగ్గర ఈ కథ వేరే దారిన నడిచింది. డింకీ పాత అచ్చులు కొన్ని 1960ల చివర్లో కలకత్తాకు చేరి, అక్కడ నిక్కీ టాయ్స్ పేరుతో బొమ్మలయ్యాయి. అంటే ఇంగ్లండు పిల్లలు ఆడుకోవడం మానేసిన ఆకారాలు మన పిల్లలకు కొత్త బొమ్మలుగా వచ్చాయి. అసలు కార్ల విషయంలోనూ జరిగింది ఇదే. అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్, పద్మినీ అంటే ఫియట్ 1100. అయితే అసలు కారుకు, బొమ్మ కారుకు ఇక్కడే దారులు విడిపోయాయి. 2014 దాకా కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడరు మన గతుకుల రోడ్ల మీద, మన మెకానిక్కుల చేతుల్లో, మన పెళ్ళిళ్ళలో, మన ఆఫీసుల ముందు తిరిగి తిరిగి పూర్తిగా మనదైపోయింది. బొమ్మ కారుకు అలా మనది కావడానికి తగినంత అవకాశం దొరకలేదు.

దొరికిన చోట దాన్ని మనమే చిన్నచూపు చూశాం. సెంటీ అనే మన దేశపు కంపెనీ చాలా ఏళ్ళుగా ప్లాస్టిక్‌తో, వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే రకం బండ్లను చేస్తోంది. అంబాసిడర్ టాక్సీ, ఆటో, లారీ, ట్రాలీ తగిలించిన ట్రాక్టరు, బస్సు, జీపు, ఇలా మన రోడ్డు మీద తిరిగేవన్నీ వాటిలో ఉన్నాయి. బస్టాండు పక్క అంగళ్ళలో, తిరుణాలల్లో, బడి పుస్తకాల అంగళ్ళలో అవి తాళ్ళకు వేలాడుతుంటాయి. సేకరణకర్తలు కలిసిన చోట వీటి మాట ఎత్తితే, ప్లాస్టిక్ కదా అంటారు, స్కేలు సరిగా లేదంటారు, పిల్లల ఆటవస్తువులంటారు. స్కేలు గురించి చెప్పాలంటే హాట్ వీల్స్ కూడా 1:64, అంటే అసలు బండిలో అరవై నాలుగో వంతు, అని పేరుకే గాని, అన్ని బండ్లనూ ఒకే కార్డులో పట్టేలా మూడంగుళాల లోపు కుదిస్తారు గనుక బస్సూ కారూ ఒకే పొడవుంటాయి. ఆ లోపాన్ని క్షమించే కన్ను ఈ లోపాన్ని క్షమించలేకపోవడానికి కారణం లోహమో స్కేలో అని నేను నమ్మను. బయటి నుంచి వచ్చినదే మంచిదన్న పాత అలవాటు అది. దాన్ని వదిలించుకోవడానికి మనం ప్రయత్నపూర్వకంగా కొంత పని చేయాలి.

ఒక రోజు నా దగ్గరున్న ప్లాస్టిక్ లారీని మా నాయన చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు ఇప్పుడు చూపు కొంచెం తగ్గింది, అయినా దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెల్లకిలా తిప్పి, చక్రాలను వేలితో తిప్పి చూశాడు. "వెనక జోడు టైర్లు లేవు కదరా, లోడు యెట్ల మోస్తాది?" అన్నాడు. ఆ తర్వాత క్యాబిను తలుపు బరువుకు కీలు ఎక్కడ ఉండాలో, డీజిలు ట్యాంకు ఏ వైపు ఉండాలో, స్టెప్నీ ఎక్కడ వేలాడాలో చెప్పుకుంటూ పోయాడు. అదే అలమరాలో నిగనిగలాడుతున్న స్పోర్ట్స్ కార్లు ఉన్నాయి, వాటిని చూసి బాగున్నాయి అని ఊరుకున్నాడు. వాటి గురించి అడగడానికి ఆయన దగ్గర ప్రశ్నలు లేవు. లారీ గురించి సాయంత్రం దాకా మాట్లాడాడు. గుర్తింపు అని నేను దేన్ని అంటున్నానో ఆ సాయంత్రం నాకు పూర్తిగా స్పష్టమైంది. బొమ్మలోని లోపాన్ని పట్టుకోగలిగినవాడికే ఆ బొమ్మ సంపూర్ణంగా చెందుతుంది.

అరుదుతనం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇవాళ మన ఊళ్ళలో ఈ సేకరణను ఎక్కువగా నడిపిస్తున్నది అదే. మాటెల్ 1995లో ట్రెజర్ హంట్ అనే పేరుతో 12 కార్లను, ఒక్కొక్కటి 10,000 మాత్రమే తయారుచేసి, మామూలు కార్ల మధ్య కలిపి పంపింది. ఆ పద్ధతి ఇప్పటికీ సాగుతోంది, మెరిసే ప్రత్యేకమైన రంగు, రబ్బరు టైర్లు ఉన్న సూపర్ ట్రెజర్ హంట్ కార్లు దానిలో మరో మెట్టు. ఆ కార్లు అందంగా ఉంటాయి, వెతుకులాటలో సంతోషం ఉంటుంది, దాన్ని నేను కాదనను. కాని ఈ అరుదుతనాన్ని కంపెనీ ముందుగానే లెక్కగట్టి తయారుచేసింది. పిల్లల చేతుల్లో అరిగి, ఇల్లు మారినప్పుడు పోయి, చివరికి ఎక్కడో ఒకటి రెండు మిగిలిన పాత బొమ్మ అరుదుతనం కాలం చేసినది. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం సరికాదు.

తయారుచేసిన అరుదుతనం వెంట వచ్చే నష్టాన్ని పిల్లలు భరిస్తున్నారు. అంగడికి వచ్చిన కార్ల అట్టపెట్టె విప్పే సమయం ముందే కనుక్కుని వచ్చి, అన్నీ జల్లించి, మంచివన్నీ తీసుకుపోయి, రెండింతలకూ మూడింతలకూ అమ్ముకునేవాళ్ళు చిన్న ఊళ్ళలో కూడా తయారయ్యారు. సాయంత్రం అమ్మానాన్నలతో వచ్చిన పిల్లవాడికి కొక్కేలకు మిగిలినవే దొరుకుతాయి. ఆ పిల్లవాడు నచ్చిన కారు లేక వేరే బొమ్మ వైపు వెళ్ళిపోతే, రేపటి సేకరణకర్తను మనమే పోగొట్టుకున్నట్టు. బొమ్మ కారును పెట్టుబడిగా చూడవద్దని నేను అనడానికి ఇది పెద్ద కారణం. కొనదలచినవాడు తనకు కావలసినది ఒకటి తీసుకుని మిగతావి అక్కడే వదిలిరావాలి. అంగడివాళ్ళు కూడా ఒక్కరికి ఇన్నే అని హద్దు పెడితే మంచిది.

నా మాటలు విన్న ఒక మిత్రుడు గట్టి అభ్యంతరమే చెప్పాడు. మన బండ్లే కావాలనడం ఇరుకు బుద్ధి కాదా, చూడని లోకాన్ని చూపించడం కూడా బొమ్మ పని కదా అన్నాడు. ఆయన మాటలో నిజముంది. నా అలమరాలో లండన్ బస్సు ఉంది, మాసీ హారిస్ ట్రాక్టరు ఉంది, టోమికా చెత్త లారీ ఉంది. అవి నాకు ప్రియమైనవే, ఎందుకంటే వాటిని చేసినవాళ్ళకు ఆ బండ్లు బాగా తెలుసన్న సంగతి వాటి ప్రతి గీతలో కనబడుతుంది. 1969లో ఐరా గిల్‌ఫర్డ్ గీసిన ట్విన్ మిల్ వంటి రెండు ఇంజన్ల ఊహా కారును కూడా రూపకల్పనగా నేను మెచ్చుకుంటాను. పరాయి రోడ్లను చూడడం నాకు ఇష్టమే. మన రోడ్డు ఆ వరుసలో ఎక్కడా లేకపోవడమే నన్ను బాధిస్తుంది. అందరి వీధులూ ఉన్న అలమరాలో మన వీధికి చోటు లేకపోతే, దాన్ని విశాలమైన అభిరుచి అని నేను అనలేను.

ఇప్పుడు ఈ లోటును తీర్చుకోవడానికి కాలం అనుకూలంగా ఉంది. 2020 ఫిబ్రవరిలో బొమ్మల దిగుమతి మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెరిగింది, 2023లో 70 శాతమైంది. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నాణ్యతా గుర్తు తప్పనిసరి అయింది. దీనివల్ల మాలాంటి సేకరణకర్తలకు విదేశీ కార్లు ఖరీదయ్యాయి, కొన్ని రకాలు రావడమే తగ్గింది, ఈ విషయంలో చాలామంది గొణుగుతుంటారు. నేను దీన్ని మరో వైపు నుంచి చూస్తాను. మన తయారీదారులకు ఇంత రక్షణ దొరికినప్పుడు వాళ్ళు ఇంకొకరి స్పోర్ట్స్ కారుకు నకలు చేస్తూ కూర్చుంటే ఆ రక్షణ వృథా. మా ఉమ్మడి జిల్లాలోని పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారై దేశమంతా తిరుగుతున్నాయి. ఒకప్పుడు బండ్లు పోతుంటే నిలబడి చూసిన ప్రాంతం ఇప్పుడు బండ్లను చేసే ప్రాంతమైంది. ఆ ఫ్యాక్టరీ ముందు నుంచి బడి బస్సులో పోయే పిల్లవాడు తన ఊరి కారును తన అరచేతిలో పెట్టుకోగలగాలి అని కోరుకోవడం అత్యాశ కాదు.

ఇందుకు లోహమే కావాలని నేను పట్టుబట్టను. మంచి అచ్చు చేస్తే ప్లాస్టిక్ కూడా అంతే సన్నని వివరాన్ని పట్టుకుంటుంది, ధర తక్కువ గనుక పల్లె అంగడి దాకా చేరుతుంది. స్కేలు ఒకటే పెట్టుకుంటే చాలు. 1:64లో అంబాసిడరు సుమారు 6.8 సెంటీమీటర్లు, మారుతి 800 సుమారు 5.2 సెంటీమీటర్లు, 11 మీటర్ల బస్సు సుమారు 17 సెంటీమీటర్లు వస్తాయి. ఈ మూడింటినీ పక్కపక్కన నిలబెడితేనే మా ఊరి రోడ్డు కొలతలు కంటికి సరిగా ఆనుతాయి. బస్సు ముందు మారుతి ఎంత చిన్నదో, దాన్ని దాటేటప్పుడు లోపలున్నవాళ్ళకు ఎంత గుండె దడగా ఉండేదో అప్పుడు బొమ్మ చూసినా తెలుస్తుంది.

ఎవరైనా తయారీదారు నన్ను అడిగితే మొదట చేయమని చెప్పేది ఎర్ర బస్సునే. టాపు మీద సామాను పెట్టుకునే క్యారియరు, వెనక దాని మీదికి ఎక్కే ఇనుప నిచ్చెన, కిటికీలకు అడ్డ కమ్మీలు, ముందు అద్దం మీద ఊరి పేరు రాసిన బోర్డు, డ్రైవరుకు వేరే తలుపు, వెనక తప్పకుండా జోడు టైర్లు ఉండాలి. దాని తర్వాత శనక్కాయ లారీ, మూటలతో సహా. ఆపైన ట్రాక్సు. మా నాయన గుర్తున్నంత వరకు చెబుతుంటే బస్సు కొలతలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను: ఇరుసుకూ ఇరుసుకూ మధ్య దూరం, మెట్టు ఎత్తు, కిటికీ వెడల్పు, నిచ్చెన మెట్ల మధ్య ఖాళీ. ఆ పుస్తకంలోని పేజీలను అడిగిన తయారీదారుకు ఇవ్వడానికి మా ఇద్దరికీ సమ్మతమే. ఈలోగా ప్లాస్టిక్ లారీ ఒకదానికి ఇంకో లారీ నుంచి తీసిన చక్రాలతో వెనక జోడు టైర్లు బిగిస్తున్నాను. ఇరుసు పొడవు చాలక సైకిలు చువ్వను కోసి వాడవలసి వచ్చింది, అది ఇప్పుడు సరిగ్గానే తిరుగుతోంది.